పద్దుల పుస్తకంలో ఒక గ్రీకు జీవితం

మెల్‌బోర్న్ ఆగ్నేయ శివారు ఓక్లీలో, మా వీధిలోనే చాలా కాలం నివసించిన గ్రీకు పెద్దాయన ఈ మధ్యనే తన 86వ ఏట కన్నుమూశారు. పేరు రాయవద్దని ఆయన భార్య కోరారు కనుక రాయడం లేదు. గ్రీకులు వయసు మళ్లిన మగవారిని ఆప్యాయంగా ‘బార్బా’ అని పిలుస్తారు. వీధిలో మేమందరమూ ఆయనను అలాగే పిలిచేవాళ్లం. కుటుంబం కోసం, తనవాళ్ల కోసం బతికిన మనిషి అని సంతాప సభలో చాలామంది అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. అయితే అలా బతకడమంటే రోజూ ఏమేం పనులు చేయడమో అక్కడ ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆ సంగతి నాకు కొంత తెలుసు కనుక ఇది రాస్తున్నాను.

నేను అకౌంటెంటును. దక్షిణ గ్రీసులో మెస్సీనియా ప్రాంతంలోని తమ ఊరి నుంచి వలస వచ్చినవారు 1958లో మెల్‌బోర్న్‌లో పెట్టుకున్న ఒక చిన్న సంఘానికి ఆయన 1964 నుంచి కోశాధికారి. చూపు మందగించడం మొదలయ్యాక, ఆ జమాఖర్చుల పుస్తకాలన్నిటినీ తన కళ్లు పూర్తిగా పోకముందే కంప్యూటర్లోకి ఎక్కించాలని ఆయనకు పట్టుదల కలిగింది. గ్రీకు లిపి నాకు రాదు. ఆయన భూతద్దం పట్టుకుని ఒక్కొక్క పద్దునూ చదివి ఇంగ్లీషులో చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. మధ్య మధ్య ఆగి, ఆ అంకె వెనుక ఉన్న మనుషుల సంగతి చెప్పేవారు. అందువల్ల పని నత్తనడక నడిచింది గానీ, ఆయన జీవితం నాకు తెలిసింది అలాగే.

ఆయన 1938లో, కలమాటా పట్టణానికి ఎగువన కొండల్లోని ఒక పల్లెలో పుట్టారు. ఊహ తెలిసేసరికి దేశం పరాయి సేనల ఆక్రమణలో ఉంది. 1941లో మొదలైన ఆ ఆక్రమణ 1944 చివరికి ముగిసిందో లేదో, 1946 నుంచి 1949 వరకూ అంతర్యుద్ధం సాగింది. కొండ మీద కోసుకొచ్చిన ఆకుకూరలు ఉడకబెట్టుకుని కడుపు నింపుకున్న రోజుల గురించి ఎన్నిసార్లయినా చెప్పేవారు. అంతర్యుద్ధం ఊసెత్తితే మాత్రం పెదవి విప్పేవారు కారు. కారణం చెప్పింది కూడా ఒక పద్దు దగ్గరే. ఒకే ఊళ్లో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో, అన్నదమ్ములు చెరొక పక్షానా నిలబడ్డారు. ఆ రెండు పక్షాల పిల్లలూ ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఒకే బల్ల చుట్టూ కూర్చుని సంఘానికి చందా కడుతున్నారు. సమావేశాల్లో పార్టీల మాట ఎత్తకూడదని సంఘం మొదటి నియమావళిలోనే రాసుకున్నారు. చావు ఖర్చుల కింద పూలదండకు రాసిన మొత్తం ఏ ఏడాదికాయేడాది అందరికీ ఒక్కటే; ఏ పక్షం కుటుంబానికైనా ఒక్క పెన్నీ ఎక్కువ గానీ తక్కువ గానీ లేదు. ఆ పుస్తకాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా గౌరవించేది ఈ సమానమైన అంకెలనే.

ఆయన ఇంటికి పెద్ద కొడుకు, వెనుక ముగ్గురు చెల్లెళ్లు. ఆడపిల్లకు కట్నం ఇవ్వకుండా పెళ్లి జరిగే కాలం కాదది. గ్రీసులో కట్నాన్ని చట్టం నుంచి తొలగించింది 1983లో గానీ కాదు. రాతినేల మీద ఉన్న కొద్ది ఆలివ్ చెట్లతో మూడు కట్నాలు కూడబెట్టడం తండ్రి వల్ల కాని పని. ఆస్ట్రేలియా, గ్రీసు దేశాల మధ్య 1952లో కుదిరిన ఒప్పందం కింద ప్రయాణ ఖర్చులో సాయం దొరికేది, అందుకు బదులుగా రెండేళ్ల పాటు ప్రభుత్వం చూపించిన పని చేయాలి. అలా 1961లో ఆయన పైరియస్ రేవులో ‘పాట్రిస్’ ఓడ ఎక్కారు. 1959 చివరి నుంచి ఆస్ట్రేలియాకు తిరిగిన ఆ ఓడ పేరు వినగానే ఆ తరం గ్రీకుల ముఖాలు ఇప్పటికీ మారిపోతాయి. ఓడ కదులుతుండగా రేవులో ఉన్నవాళ్లూ, పైన ఉన్నవాళ్లూ కాగితపు రిబ్బన్ల రెండు కొసలూ పట్టుకుని నిలబడేవారట. తన చెల్లెలి చేతిలో ఉన్న రిబ్బను తెగినప్పుడు తాను వెనక్కి తిరిగి నిలబడ్డానని ఆయన చెప్పారు; అంతకు మించి చెప్పలేదు.

సూయెజ్ కాలువ మీదుగా ఫ్రీమాంటిల్, అక్కడి నుంచి మెల్‌బోర్న్ స్టేషన్ పియర్. రేవు నుంచి తిన్నగా రైలెక్కించి బొనెగిల్లా శిబిరానికి తీసుకుపోయారు. 1947 నుంచి 1971 వరకూ 3 లక్షల మందికి పైగా వలసదారులు ఆ శిబిరం గుండా ఈ దేశంలోకి వచ్చారు. రేకుల బారకాసులు, ఎముకలు కొరికే చలి, పూటపూటా ఉడికించిన గొర్రె మాంసం. దేశంలో పనులు లేక శిబిరంలో జనం పేరుకుపోయిన సంవత్సరం అది. 1961 జులైలో పని కోసం ఎదురుచూసి విసిగిపోయిన వలసదారులు అక్కడ తిరగబడ్డారు కూడా. ఆయన అప్పుడు ఆ శిబిరంలోనే ఉన్నారు. తర్వాత షెపర్టన్ తోటల్లో పళ్లు కోసి, చివరికి మెల్‌బోర్న్ చేరి, గాజు సీసాల కర్మాగారంలో కొలిమి దగ్గర పనికి కుదురుకున్నారు. ఆ ఒక్క పనిలోనే రిటైరయ్యేదాకా ఉన్నారు.

రిచ్‌మండ్‌లో ఒక ఇంట్లో గదికొక కుటుంబం చొప్పున నాలుగు కుటుంబాలు, వాటితో పాటు వసారాలో ముగ్గురు బ్రహ్మచారులు ఉండేవారు. ఆ ముగ్గురిలో ఆయన ఒకరు. వంటిల్లు ఒక్కటే, వంతులు వేసుకుని వాడుకునేవారు. జీతం వచ్చిన రోజున తన తిండికీ అద్దెకూ తీసుకుని మిగిలింది ఇంటికి పంపేవారు. మొదటి ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యేదాకా తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఆ తరం గ్రీకు అన్నలు చాలామంది చేసిన పనే ఇది. అందరూ చేశారు గనుక అది తేలికైన పని అయిపోదు.

1966 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియా పౌండ్లు, షిల్లింగుల నుంచి డాలర్లకు మారింది. ఆనాటి పేజీ నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. పేజీ మధ్యలో ఎర్ర సిరాతో స్కేలు పెట్టి గీసిన గీత; గీతకు పైన నిల్వ 87 పౌండ్ల 10 షిల్లింగులు, కింద నిల్వ 175 డాలర్లు; పక్కన మార్జినులో గుణకారం చేసి సరిచూసుకున్న గుర్తు, దాని కింద కోశాధికారి సంతకం, మరో ఇద్దరు సభ్యుల సాక్షి సంతకాలు. పౌండుకు రెండు డాలర్లని అందరికీ తెలుసు. అయినా, ఏడో తరగతి దాటని ఆ యువకుడు సాక్షులను కూర్చోబెట్టుకుని లెక్క మార్చాడు. పదుగురి సొమ్ము ఎలా పట్టుకోవాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్ల వృత్తిలో నేను చూసిన ఎన్నో పెద్ద సంస్థల పుస్తకాల్లో లేని శ్రద్ధ ఆ పేజీలో ఉంది.

ఆ గీతకు దిగువన కొన్ని పద్దుల తర్వాత ఆయన సొంత పెళ్లి కానుక ఉంటుంది. డాలర్లలో రాసిన తొలి పెళ్లి కానుక అదేనని నవ్వుతూ చూపించారు. పెళ్లికూతురిది పక్క ఊరు. ఇరువైపులా తెలిసిన ఒక పెద్దమనిషి కుదిర్చిన సంబంధం. ఉత్తరాలు నడిచాయి, ఫోటోలు మారాయి, ఆమె ఓడ దిగిన కొద్ది రోజులకే ఈస్ట్ మెల్‌బోర్న్‌లోని ఇవాంజెలిస్మోస్ చర్చిలో పెళ్లి జరిగింది. నగరంలో అన్నిటికన్నా పాత గ్రీకు చర్చి అది. ఒకే రిబ్బనుతో కలిపిన రెండు కిరీటాలను కుంబారోస్ వధూవరుల తలల మీద మూడుసార్లు అటూ ఇటూ మార్చి పెడతాడు. కుంబారోస్ అంటే పెళ్లికి పెద్దరికం వహించి, ఆ తర్వాత జీవితాంతం బంధువుగా ఉండేవాడు. ఆ కిరీటాలు అద్దాల పెట్టెలో వాళ్ల పడకగదిలో దేవుడి పటాల పక్కన ఇప్పటికీ ఉన్నాయి. బార్బా స్వయంగా ఎన్నో జంటలకు కుంబారోస్‌గా, ఎందరో పిల్లలకు జ్ఞానపితగా నిలబడ్డారు. ఆ పేర్ల జాబితాను ఆయన సంఘం పుస్తకంలో రాయలేదు. ఆ బాధ్యత తన సొంతమని, సంఘం సొమ్ముతో దానికి సంబంధం లేదని అనేవారు.

ఇంగ్లీషు ఆయన త్వరగా పట్టుకున్నారు. ఆ కారణంగానే సంఘంలో సగం పని ఆయన మీద పడింది. ఆసుపత్రి, కోర్టు, బ్యాంకు, పిల్లల బడి, ఎక్కడికి వెళ్లాలన్నా మాట చెప్పే మనిషి కావాలి. 1973లో ప్రభుత్వం టెలిఫోన్ ద్వారా దుబాసీ సేవ మొదలుపెట్టేదాకా మెల్‌బోర్న్ గ్రీకులకు ఆసరా బంధువులూ, ఇరుగుపొరుగూ, ఇంట్లోని పిల్లలే. ఈ చివరి సంగతి ఆయనకు అసలు నచ్చేది కాదు. పదేళ్ల పిల్లవాడి నోటితో తల్లికి ఆమె జబ్బు పేరు చెప్పించడం ఘోరమని ఆయన గట్టిగా నమ్మారు. రాత్రి షిఫ్టు ముగించుకుని, నిద్రపోకుండా తిన్నగా ఆసుపత్రికి వెళ్లి వైద్యుడి పక్కన నిలబడిన ఉదయాలు చాలా ఉన్నాయి. పద్దుల్లో ఇవి ‘ట్రామ్ చార్జీ, ఆసుపత్రి’ అని మాత్రమే కనిపిస్తాయి. ఆ చిన్న మొత్తాలు చదివేటప్పుడు ఆయన గొంతు తగ్గేది, ఎందుకంటే ఒక్కొక్క ట్రామ్ చార్జీ వెనుక ఆయన నోటితో చెప్పవలసి వచ్చిన ఒక కబురు ఉంది. ఆడవారి విషయమైతే తాను బయటే ఉండి భార్యను లోపలికి పంపేవారు. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కొద్దిగానే అయినా, ప్రసూతి వార్డులో అదే చాలా ధైర్యం ఇచ్చిందని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లు మా పేటలోనే ఉన్నారు.

1973లోనే బ్రాడ్‌మెడోస్‌లోని ఫోర్డ్ కార్ల కర్మాగారంలో పెద్ద సమ్మె జరిగింది. అసెంబ్లీ లైను మీద పనిచేసేవారిలో ఎక్కువ మంది గ్రీసు, ఇటలీ, యుగోస్లావియా, టర్కీల నుంచి వచ్చినవారే. పని వేగం మనుషులు తట్టుకోలేనంతగా ఉండేదని వాళ్ల బాధ. ఆ వారాల్లో సంఘం పుస్తకంలో ‘నూనె, బియ్యం, పప్పులు’ అన్న పద్దు మళ్లీ మళ్లీ వస్తుంది. జీతం ఆగిపోయిన సభ్యుల ఇళ్లకు పంపిన సరుకులవి. మరుసటి ఏడాది జులైలో టర్కీ సేనలు సైప్రస్‌లో దిగినప్పుడు అదే పద్దు స్థానంలో దుప్పట్లు, మందులు వచ్చాయి. తమ ఊరికీ సైప్రస్‌కూ ఏ సంబంధమూ లేదని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పినట్టు కూడా రాసి ఉంది. అభ్యంతరం చెప్పినవాడి పేరు, ఓట్ల లెక్క, చివరికి అతను కూడా రెండు దుప్పట్లు ఇచ్చిన సంగతి, అన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

ఇంతవరకూ రాసినదంతా ఆయన గురించే అయింది. ఆమె గురించి రాయకపోతే ఈ లెక్క తప్పవుతుంది. ఆమె పాతికేళ్లకు పైగా ఇంటి వెనుక గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని బ్రన్స్‌విక్‌లోని ఒక బట్టల కర్మాగారానికి కాలర్లు కుట్టారు. కాలరుకు ఇంత అని కూలి, సెలవు లేదు, జబ్బు చేస్తే డబ్బు లేదు. బండిలో మూటలు దింపి పోయేవారు, చెప్పిన రోజుకు తిరిగి తీసుకుపోయేవారు. ఆ మిషను చప్పుడు ఆగిపోతే మెలకువ వచ్చేదని వాళ్ల అమ్మాయి అంటుంది. ఆయన సంఘం పనుల మీద తిరిగిన గంటలన్నీ ఆమె మిషను మీద కూర్చున్న గంటలే. ఇంటికి వచ్చిన ప్రతి సభ్యుడికీ కాఫీ, దానితో పాటు చెంచాలో పెట్టి ఇచ్చే పళ్ల మురబ్బా ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. నేను ఒకసారి ఈ మాట ఆయనతో అన్నాను. ఆయన తలూపి, ఆ ఇల్లు కొన్నప్పుడు అప్పులో పెద్ద భాగం కాలర్లతోనే తీరిందని చెప్పారు. ఆ తరం మగవారిలో ఇంత స్పష్టంగా ఒప్పుకున్నవారు తక్కువ. అయినా సంఘం కార్యవర్గంలో 1980ల దాకా ఒక్క ఆడపేరు లేదు. దానిని సమర్థించడానికి నాకు మనసు రాదు.

ఓక్లీకి వాళ్లు మారింది కూడా ఆ 1980లలోనే. ఇంటి ముందు నిమ్మచెట్టు, వెనుక ద్రాక్ష పందిరి, రెండు ఆలివ్ చెట్లు, వేసవిలో టొమాటో పాదులు. ఇక్కడ ఆలివ్ కాయలు దిగేది ఏప్రిల్, మే నెలల్లో. పచ్చికాయను చెక్క మీద పెట్టి చిన్న రాయితో ఒక్క దెబ్బ కొడితే, గింజ పగలకుండా కండ మాత్రమే చిట్లాలి. తర్వాత చేదు పోయేదాకా రోజూ నీళ్లు మార్చి, చివరికి ఉప్పునీటిలో నిమ్మ చెక్కలతో ఊరవేయాలి. ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి ఆయన ఆ నీటిలో పచ్చి కోడిగుడ్డు వదిలేవారు. గుడ్డు పైకి తేలి, చిన్న నాణెమంత మేర నీటి పైన కనబడితే ఉప్పు సరిగ్గా పడినట్టు. వీధిలో ప్రతి ఇంటికీ ఒక సీసా వచ్చేది. సీసా మూత మీద తేదీ రాసి ఉండేది, కోశాధికారి అలవాటు.

ఈస్టర్ ఇక్కడ శరదృతువులో వస్తుంది. శుక్రవారం రాత్రి పూలతో అలంకరించిన ఎపిటాఫియోస్‌ను, అంటే క్రీస్తు పాడెను, చర్చి చుట్టూ ఊరేగించేటప్పుడు, వయసు అనుమతించినంత కాలం ఆయన భుజం పట్టారు. శనివారం అర్ధరాత్రి వెలిగించిన కొవ్వొత్తిని ఆరకుండా కారులో ఇంటికి తెచ్చి, దాని పొగతో గుమ్మం పై కమ్మీ మీద సిలువ గుర్తు వేసేవారు. మనవలు ఆస్ట్రేలియా పిల్లలే, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతారు. అయినా శనివారం గ్రీకు బడికి వాళ్లను కారులో దింపే పని ‘పాపూ’దే. తాతను వాళ్లు అలాగే పిలుస్తారు. బడి అద్దె సంఘమే భరించిన సంవత్సరాలు కొన్ని ఉన్నాయి. ఎంత గట్టిగా కూడబెట్టినా ఆయన సంకోచించకుండా ఖర్చు రాసిన పద్దు అదొక్కటే.

2004లో గ్రీసు యూరో ఫుట్‌బాల్ కప్పు గెలిచినప్పుడు మెల్‌బోర్న్‌లో తెల్లవారుజాము. లాన్స్‌డేల్ వీధి జనంతో నిండిపోయిందట. ఆయన అక్కడికి వెళ్లి, తిరిగి వచ్చి, స్నానం చేసి చర్చికి వెళ్లారు.

2010 తర్వాత గ్రీసు ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయినప్పుడు యువకులు మళ్లీ ఇటు రావడం మొదలైంది. ఈసారి ఓడలు లేవు. వచ్చినవారిలో ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, చేతిలో డిగ్రీ ఉండీ ఓక్లీ ఈటన్ మాల్‌లోని కఫేలలో కాఫీలు అందించేవారు ఉన్నారు. చందాలు తగ్గి దాదాపు మూతపడబోతున్న సంఘానికి హఠాత్తుగా పని దొరికింది. 1960ల తర్వాత పుస్తకంలో కనబడని ‘దుప్పట్లు, వంటపాత్రలు, మొదటి నెల అద్దె’ అన్న పద్దు మళ్లీ వచ్చింది. అద్దె ఇంటికి హామీదారు కావాలంటే ఆయన సంతకం పెట్టేవారు. డెబ్బై ఐదేళ్ల పింఛనుదారుడి హామీకి బ్యాంకు దృష్టిలో విలువ లేకపోవచ్చు గానీ, ఓక్లీలో ఇళ్ల యజమానులు చాలామంది గ్రీకులే, ఆయన సంతకం వాళ్లకు చాలు.

2020 ఆయనను బాగా కుంగదీసింది. ఆ శీతాకాలంలో ఫాక్నర్‌లోని ఒక గ్రీకు వృద్ధాశ్రమంలో 40 మందికి పైగా వృద్ధులు కోవిడ్ బారిన పడి చనిపోయారు. ఆయనతో ఓడ దిగిన తరం వాళ్లది. అంత్యక్రియలకు పదిమందికి మించి వెళ్లకూడదు, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. ఊరివాళ్ల చావుకు వెళ్లకపోవడమన్నది ఆయన జీవితంలో అంతవరకూ జరగలేదు. పూలదండలకు ఫోనులోనే డబ్బు కట్టి, ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి, పుస్తకంలో రాశారు. మొత్తం అందరికీ ఒక్కటే. అప్పటికి అక్షరాలు వంకరగా పోతున్నాయి, రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కంప్యూటర్లోకి ఎక్కించాలన్న పట్టుదల ఆ పేజీ తర్వాతే వచ్చింది.

నలభయ్యో రోజు స్మారక ప్రార్థనకు మేమందరం వెళ్లాం. ఉడకబెట్టిన గోధుమలలో బాదం, దానిమ్మ గింజలు కలిపి, పైన చక్కెర పొడి పరిచిన కోలివా పంచారు. మిగిలిన పుస్తకాలను ఇప్పుడు వాళ్ల అమ్మాయి చదువుతోంది, నేను టైపు చేస్తున్నాను. సంఘం ఆమెను కోశాధికారిగా ఎన్నుకుంది. అప్పుల పుస్తకం తెరిచినప్పుడు ఒక సంగతి బయటపడింది. అది సభ్యులకు ఇబ్బందిలో ఇచ్చిన చిన్న చేబదుళ్ల లెక్క. అన్ని బాకీలూ సిరాతో ‘వసూలైంది’ అని కొట్టివేసి ఉన్నాయి గానీ, కొన్నింటి పక్కన పెన్సిలుతో ఒక చిన్న చుక్క ఉంది. ఆ తేదీలను అమ్మాయి ఇంటి బ్యాంకు పాసుపుస్తకంతో సరిచూసింది. చుక్క ఉన్న ప్రతి మొత్తమూ అదే వారంలో వాళ్ల ఖాతా నుంచి బయటికి వెళ్లింది. తీర్చలేనివారి బాకీ ఆయనే కట్టి, సంఘం లెక్కలో వాళ్లను రుణవిముక్తులను చేశారు.

ఆ పేర్లలో కొన్ని ఇప్పటికీ ఓక్లీలో ఉన్న కుటుంబాలవి. ఏం చేయాలని అమ్మాయి తల్లిని అడిగింది. తనకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసునని, ఆ డబ్బు కాలర్ల నుంచి వెళ్లిందేనని, సిరాతో రాసినది ఎక్కించమని, పెన్సిలుతో పెట్టినది వదిలేయమని ఆమె చెప్పారు. నేను అలాగే టైపు చేశాను.